‘బాగుంది’ అని మాత్రం రాయకు

మార్చి 6

చిన్నోడికి,

మీ అన్నయ్య నిన్ను అలాగే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. నలభై ఆరేళ్లవాడివని నాకు తెలుసు.

ఆయన పోయి ఇవాళ్టికి ఇరవై తొమ్మిది రోజులు. నువ్వు రాసిన ఉత్తరం అందింది. కిందటి నెల పదహారో తేదీ పడవలో చోటు దొరకలేదన్నావు. సరే.

ఇప్పుడు షాపు సంగతి. మన షాపులో చేయించుకున్న పెట్టుడు కాళ్లతో ఈ చుట్టుపక్కల మూడు వందల పన్నెండు మంది నడుస్తున్నారు. కొలతలు తీసేది ఆయన. ప్లాస్టరు పోసేది, తోలు కుట్టేది, పట్టీలు బిగించేది నేను. కంప్యూటరు గదిలోకి నేను అడుగుపెట్టేది ఊడవడానికి మాత్రమే. ఎవరి కొలతలైనా అందులోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు.

పెద్దాసుపత్రి నుంచి కాగితం వచ్చింది. మన దగ్గరికి మనుషుల్ని పంపేది వాళ్లే కదా. మే ఇరవైన పర్యవేక్షకురాలు వస్తుందట, అందరి కొలతల రికార్డులూ చూపించాలట. చూపించలేకపోతే షాపు మూయించి, మనవాళ్లందరినీ పెద్ద కేంద్రానికి మారుస్తారట. అక్కడికి పోయి రావాలంటే ఒక పగలంతా పడుతుంది, మూడు బస్సులు మారాలి. రెండు కాళ్లున్నదాన్ని, నాకే ఓపిక చాలదు.

ఎనిమిదేళ్ల కిందట నువ్వొచ్చి ఆ కంప్యూటర్లో ఉన్నది తీసేసి, లినక్స్ అని ఇంకోటి పెట్టి వెళ్లావు. బడి ఆఫీసులో పనిచేసినప్పుడు నేను వాడింది వేరు. దీనికి తలా తోకా తెలియడం లేదు. పనిచేయడం లేదు. ఏం చేయాలో వెంటనే రాయి.

నీ కాలు ఎలా ఉంది? ఈ షాపు ఆ కాలితోనే మొదలైందని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

వదిన

*

మార్చి 12

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఇవాళ్టి పడవలో వచ్చింది. ఈ దీవికి పడవ పన్నెండు రోజులకోసారి వస్తుంది, రెండు గంటలుంటుంది. ఆ రెండు గంటల్లోనే జవాబు రాయాలి. నేను పనిచేసే వాతావరణ కేంద్రం వైర్‌లెస్ లైను గాలి, వాన లెక్కలు పంపడానికే. సొంత మాటలకు వాడనివ్వరు.

‘పనిచేయడం లేదు’ అని రాస్తే నేనేం చెప్పగలను? మీరు ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజంగా ఏం జరిగింది. ఎవరిని సాయం అడిగినా ఈ మూడూ చెప్పాలి. తెర మీద కనిపించిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద ఎక్కించుకోండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, అర్థం చేసుకునేవాళ్లకు అవే కావాలి.

ఉత్తరాలతో ఈ పని సాగదు. మీ గ్రంథాలయం మేడ మీద ప్రతి శనివారం ఈ వ్యవస్థ వాడేవాళ్లు కలుస్తుంటారు. అక్కడికి వెళ్లండి. నా కన్నా బాగా తెలిసినవాళ్లుంటారు.

కాలు బాగుంది.

మీ మరిది

*

మార్చి 30

మరిదిగారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం గ్రంథాలయం మేడ ఎక్కాను. పొడుగు బల్ల చుట్టూ తొమ్మిది మంది, తొమ్మిది కంప్యూటర్లు. ఎవరూ తలెత్తలేదు. గడ్డమాయన ఒకడు కాస్త దయతలచి ఏం కావాలన్నాడు. కంప్యూటరు పనిచేయడం లేదన్నాను. ఏ డిస్ట్రో అన్నాడు. లినక్స్‌లో ఏ రకం అని దానర్థమట, అప్పటికి నాకేం తెలుసు? నల్లగా ఉంటుందండీ అన్నాను. ఆ బల్ల చుట్టూ నవ్వు వినపడింది. సహాయ పత్రాలు చదువుకుని రమ్మని ఒక చిరునామా రాసిచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో తల కొట్టేసినట్టయింది.

నువ్వు చెప్పిన మూడు ముక్కలూ చెప్పి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. కానీ సాయం చేయమని ఇంటి మనిషిని అడిగితే బయటివాళ్ల దగ్గరికి తోలేస్తావనుకోలేదు.

ఇంకో మాట. కిందటి ఉత్తరం వేయడానికి రేవు ఆఫీసుకే వెళ్లాను. గుమాస్తా పరామర్శించి, మరిది రాలేదేమని అడిగాడు. పడవలో చోటు లేదటండీ అన్నాను. ఆయన ఖాతా తిరగేసి, ఫిబ్రవరి పదహారున మూడు సీట్లు ఖాళీగా తిరిగొచ్చాయన్నాడు. అన్న పోతే కూడా రాలేనంత కోపం నీకు ఆయన మీద ఏముందో నాకు తెలియదు. రానంటే రానని రాయాల్సింది. అబద్ధం రాసినందుకు బాధపడ్డాను.

వదిన

*

ఏప్రిల్ 5

వదినకు నమస్కారాలు.

అన్నయ్య మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. అంతకు మించి రాయలేను.

రికార్డుల సంగతి. షాపును ఆస్పత్రికి అప్పగించేద్దామనే ఆలోచనలో ఉంటే ఆ మాట సూటిగా చెప్పండి. అన్నయ్య ముప్పై ఏళ్లు కూర్చున్న చోటు అది. చూపించడం వరకే అయితే పని చిన్నదే.

కంప్యూటరు తెరవగానే ఎడమవైపు ఇల్లు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ‘కొలతలు’ అనే ఫోల్డరు కనిపిస్తుంది. బీరువా కింది అరలో నల్ల డిస్కు ఉండాలి. దాన్ని తగిలించి, ఫోల్డరును కాపీ చేసి అందులో పెట్టండి. ఆస్పత్రి రికార్డుల గదిలోనూ ఇప్పుడు ఇదే వ్యవస్థ వాడుతున్నారని విన్నాను. ముందే ఒకసారి తీసుకెళ్లి అక్కడ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

గడ్డమాయన తీరు బాగాలేదు. అయినా ఇంకోసారి వెళ్లండి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది మిగిలే ఉన్నారు.

మీ మరిది

*

ఏప్రిల్ 19

చిన్నోడా,

కొంప మునిగింది. నువ్వు చెప్పిన పద్ధతిలోనే రాస్తున్నాను, మళ్లీ మందలించకు.

ఏం చేశాను: ఇల్లు బొమ్మ నొక్కాను. ‘కొలతలు’ దొరికింది. లోపల మూడు వందల పన్నెండు పేర్లూ వరసగా కనిపించాయి. నల్ల డిస్కులోకి కాపీ చేశాను. పేర్లన్నీ అక్కడికి చేరాయని లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత కంప్యూటర్లో ఉన్న ఫోల్డరును చెరిపేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.

ఎందుకు చెరిపావని అడుగుతావు. మన పనిలో అంతే కదా. మనిషి కాలికి పట్టీ చుట్టి పై అచ్చు తీస్తాం, అందులో ప్లాస్టరు పోస్తాం, లోపలి అచ్చు గట్టిపడగానే పై అచ్చు కోసి పారేస్తాం. రెండూ ఉంచుకుంటే ఏది ఎవరిదో కలిసిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఈ చేతులకు అదే అలవాటు.

ఏం జరుగుతుందనుకున్నాను: ఆస్పత్రిలో తెరుచుకుంటుందనుకున్నాను.

ఏం జరిగింది: పేర్లు కనిపించాయి. ఏది నొక్కినా తెరుచుకోలేదు. ‘ఈ లింకు పనిచేయదు, దాని గమ్యం లేదు’ అని వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకున్నాను. రికార్డుల గది గుమాస్తా ఒక్కోటీ ఎంత పరిమాణముందో చూసి, ఇందులో ఏమీ లేదమ్మా అన్నాడు.

నీ జవాబు వచ్చేసరికి మే నెల వచ్చేస్తుంది. పడవ కోసం కూర్చుంటే షాపు పోతుంది. అందుకని ఫోను పుస్తకం ముందేసుకుని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాను. మళ్లీ కొలుస్తాను. ఆయన కొలతలు తీస్తుంటే పక్కన నిలబడి టేపు అందించింది నేనే. చేయలేనంటే కుదరదు.

ఆయన ముప్పై ఏళ్ల పని నా చేత్తో తుడిచేశాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

వదిన

*

ఏప్రిల్ 29

వదినకు,

మీరు ఉత్తరం రాసేసరికే పదిహేడో తేదీ పడవ వెళ్లిపోయింది, అందుకే ఇవాళ వచ్చింది. ముందు ఇది చదవండి: ఏమీ పోలేదు.

మీరు చెరిపింది ఫైళ్లను కాదు. ఎనిమిదేళ్ల కిందట మొదటి డిస్కు నిండిపోతే, అసలు ఫైళ్లను లోపల ఉన్న రెండో డిస్కులోకి నేనే మార్చాను. అన్నయ్య వేలికి అలవాటైన చోటు మారకూడదని, పాత చోట చీటీల్లాంటివి పెట్టాను. చీటీ నొక్కితే అది వెళ్లి అసలు ఫైలును తెరుస్తుంది. మీరు కాపీ చేసింది చీటీలను, చెరిపింది కూడా చీటీలనే. ఆస్పత్రి కంప్యూటర్లో ఆ రెండో డిస్కు లేదు కాబట్టి అక్కడ తెరుచుకోలేదు.

మీకు చెప్పి ఉండాల్సింది నేను. చెప్పలేదు. అసలు నాకే గుర్తు రాలేదు. తప్పు నాది, మీ చేతులది కాదు. నాకు తెలిసిన సంగతి ఎదుటివాళ్లకూ తెలిసే ఉంటుందనుకోవడం కంప్యూటర్లు తెలిసినవాళ్లందరికీ ఉన్న జబ్బు.

ఆ నల్ల డిస్కును మన కంప్యూటరుకే తగిలించి నొక్కి చూడండి, తెరుచుకుంటాయి. మళ్లీ కొలవాల్సిన అవసరం లేదు. అందరినీ ఎండలో తిప్పకండి.

మీ మరిది

*

మే 3

చిన్నోడికి,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపే పని అయింది. అందుకే రాస్తున్నాను, కంగారుపడతావని.

నిన్న మళ్లీ గ్రంథాలయం మేడ ఎక్కాను. ఈసారి గడ్డమాయన దగ్గరికి పోలేదు. చివర్లో లిఫ్టులు బాగుచేసే ఆవిడ కూర్చుంటుంది, నా కన్నా నాలుగేళ్లు చిన్న. గోళ్ల చుట్టూ నల్ల గ్రీజు. ఆ చేతులు చూస్తే ధైర్యం వచ్చింది. నీకు రాసిన ఉత్తరం నకలు ఆవిడ ముందు పెట్టాను. నిదానంగా చదివి, ఇంత పద్ధతిగా అడిగినవాళ్లు ఈ బల్ల దగ్గరికి ఇంతవరకూ రాలేదంది. ఆ మాట గడ్డమాయనకు వినపడేలాగే అంది.

కాపీ ఏ కంప్యూటర్లో చేశారు, తెరిచి చూసింది ఏ కంప్యూటర్లో అని అడిగింది. చెప్పాను. ఇంటికెళ్లి అదే కంప్యూటరుకు తగిలించి చూద్దామని నాతోపాటు వచ్చింది. తగిలించాం. మొదటి పేరు నొక్కగానే తెరుచుకుంది. అసలువి ఎక్కడున్నాయో చూపించి, ఈసారి వాటినే కాపీ చేయించింది. ఏదీ చెరపవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆవిడ వెళ్లాక తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను.

అయితే ఇంకో సంగతి బయటపడింది. ఈలోపు నలభై ఒక్క మందిని మళ్లీ కొలిచాను కదా. పాత కొలతల పక్కన కొత్తవి పెట్టి చూశాను. ముప్పై నాలుగు మందికి కలవలేదు. నేను తప్పు కొలిచానేమోనని ఆరుగురిని మళ్లీ పిలిపించాను. నేను కొలిచిందే సరి. తీసేయగా మిగిలిన కాలి భాగం ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడుతుంది, అది ఆయనకు తెలియనిది కాదు. కొందరిని తొమ్మిదేళ్లుగా కొలవలేదు. పాత కొలతతోనే కొత్త కాలు చేసి ఇచ్చాం. ప్లాస్టరు పోసింది నేనే.

బస్సు కండక్టరమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. పెట్టుడు కాలి తొడుగు వదులై, ఆ సందు నింపడానికి ఒకదాని మీద ఒకటి అయిదు సాక్సులు వేసుకుని డ్యూటీ చేస్తోంది. సాయంత్రానికి చర్మం ఊడి వస్తుందట. ఆయనకెందుకు చెప్పలేదని అడిగాను. “ఆయన అంత ప్రేమగా ఎలా ఉందమ్మా అని అడిగేవారు. అంత చేసిన మనిషికి బాగాలేదని ఎలా చెప్పనండీ? బాగుందనేదాన్ని” అంది.

అందరూ అదే మాట. నాకు ఆయన మీద కోపం వచ్చింది, వాళ్ల మీదా వచ్చింది, నా మీద అందరికన్నా ఎక్కువ వచ్చింది.

వదిన

*

మే 11

వదినకు నమస్కారాలు.

ఫైళ్లు దొరికినందుకు సంతోషం. లిఫ్టులావిడకు నా కృతజ్ఞతలు చెప్పండి.

కొత్త కొలతల విషయంలో తొందరపడకండి. ఇరవయ్యో తేదీన అన్నయ్య రికార్డులే చూపించండి. అవి పూర్తిగా ఉన్నాయి, తేదీలతో ఉన్నాయి. మీ నలభై ఒకటీ పక్కన పెడితే పర్యవేక్షకురాలు ఏది నమ్మాలని అడుగుతుంది. అన్నయ్య పని తప్పని మనమే చూపించినట్టవుతుంది. ఆయన ఇప్పుడు జవాబు చెప్పుకోలేరు. అంత శ్రద్ధగా పనిచేసిన మనిషిని నేను చూడలేదు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. కాలు బాగుంది.

మీ మరిది

*

మే 25

చిన్నోడికి,

నీ మాట వినలేదు.

ఇరవయ్యో తేదీన పర్యవేక్షకురాలు వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచి. రెండూ పక్కపక్కన పెట్టాను. ఆయన మూడు వందల పన్నెండు, అప్పటికి నేను కొలిచిన తొంభై ఆరు. తేడా ఎందుకుందని అడిగింది. కాళ్లు మారాయండీ, మేము కొలవలేదు అన్నాను. కండక్టరమ్మ ఆ రోజు అక్కడే ఉంది, కొత్త తొడుగు వేసుకుని గది ఆ చివరికీ ఈ చివరికీ నడిచి చూపించింది. ఒకటే సాక్సు. పర్యవేక్షకురాలు చాలాసేపు రాసుకుంది. మిగిలినవాళ్లందరినీ అక్టోబరులోపు కొలవాలని, అప్పటిదాకా షాపు ఇలాగే నడవవచ్చని కాగితమిచ్చింది. సంతకం నా పేరు మీదే పెట్టించుకుంది.

ఆయన పని తప్పని నేను చెప్పలేదు. ఆయన అడిగిన తీరుకు ‘బాగుంది’ తప్ప ఇంకో జవాబు రాదు. నేనిప్పుడు ఎవరినీ ఎలా ఉందని అడగడం లేదు. నువ్వు నేర్పిన మూడే అడుగుతున్నాను. పొద్దుట లేచి ఏం చేశారు, ఏం చేయగలననుకున్నారు, నిజంగా ఏం జరిగింది. ఎన్ని సాక్సులు, ఏ మెట్టు దగ్గర ఆగారు, ఎర్రబడిన చోటు చూపించండి. పది నిమిషాల్లో అన్నీ బయటికొస్తాయి.

ఇక నీ ఫైలు. ఆ వరసలో మొదటిది నీదే. చివరిసారి కొలిచింది పదకొండేళ్ల కిందట. ఆ తర్వాత మూడుసార్లు అదే కొలతతో చేసి పడవలో పంపాం. ప్రతిసారీ నువ్వు బాగుందని రాశావు.

నిన్ను కూడా ఎలా ఉందని అడగను. మూడూ రాయి. ‘బాగుంది’ అని మాత్రం రాయకు.

వదిన

*

జూన్ 4

వదినకు,

ఏం చేశాను: ఫిబ్రవరి పదహారున సంచి భుజాన వేసుకుని రేవుకు వెళ్లాను. ఇక్కడ పడవ గట్టుకు ఆనదు. ఇనుప నిచ్చెన దిగాలి, పదహారు మెట్లు.

ఏం జరుగుతుందనుకున్నాను: రెండేళ్లుగా ఆ నిచ్చెన దిగలేదు. సెలవు వద్దని రాసిచ్చేవాణ్ని. ఆ రోజు మాత్రం ఎలాగైనా దిగిపోతాననుకున్నాను. ఏడు సాక్సులు వేసుకున్నాను.

ఏం జరిగింది: మూడో మెట్టు దగ్గర కాలు తొడుగులోంచి జారింది. మా కేంద్రంలో వంటాయన చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగాడు. పడవవాళ్లు తాడు కట్టి దించుతామన్నారు. అన్న పోయిన ఇంటికి మూటలా దిగి రావడానికి మనసొప్పలేదు, వద్దన్నాను. పడవ వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం గదిలో కూర్చుని, చోటు దొరకలేదని మీకు రాశాను.

కొత్త కాలు పంపిన ప్రతిసారీ అన్నయ్య కింద ఒకే వాక్యం రాసేవాడు, ‘చిన్నోడా, ఎలా ఉంది?’ అని. వాడు చేసిన మొదటి కాలు నాది. అది సరిగ్గా లేదని వాడికి ఎలా రాయను? మీ కండక్టరమ్మ చెప్పిన మాట చదివి చాలాసేపు కాగితం కింద పెట్టేశాను. అందుకే పాత కొలతలే చూపించమన్నాను.

ఒక్కసారి నిజం రాసి ఉంటే వాడు టేపు పట్టుకుని తర్వాతి పడవకే బయలుదేరేవాడు. ఇప్పుడు రాయడానికి వాడు లేడు. కాలు కన్నా అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

ఎర్రబడిన చోట్లు రెండు. బొమ్మ గీసి జతచేశాను. పుండు ఒకటి, మానడం లేదు.

పడవ కూత వేస్తోంది.

మీ మరిది

*

జూన్ 10

చిన్నోడికి,

చదివాను. నీ మీద ఇన్నాళ్లు కోపం పెట్టుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తర్వాత నిన్నూ తిట్టాను. ఇద్దరికీ సరిపోయింది.

ఈ ఉత్తరం పదహారో తేదీ పడవలో వస్తుంది. ఆ పడవ తర్వాతి పడవలో, ఇరవై ఎనిమిదిన, నేను వస్తున్నాను. రేవు గుమాస్తా చేత నా పేరు రాయించాను. ప్లాస్టరు పట్టీలు, టేపు, కత్తెర, మందు సర్దుకున్నాను. షాపు తాళాలు లిఫ్టులావిడకు ఇచ్చి వస్తాను. ఫోనులకు తనే జవాబు చెబుతానంది. పన్నెండు రోజులుంటాను. అచ్చు అక్కడే తీస్తాను. కాలు ఇక్కడికొచ్చి చేస్తాను, అది తొడుక్కున్నాక నువ్వు దిగుదువుగాని.

అప్పటిదాకా ఆ కాలు పెట్టుకోకు. వంటాయన్ని ఒక కర్ర చెక్కివ్వమను.

ఆ పదహారు మెట్లూ నేనెక్కుతాను. నువ్వు వెలుతురున్న గదిలో ఎత్తు కుర్చీ వేసుకుని, సాక్సులన్నీ తీసేసి కూర్చో.

వదిన